ఐదూ నమ్మితేనే బల్లా? ఇంట్లో ఒకరు నాలుగున్నర దగ్గర ఆగిపోతే?

గోదారి గట్టు | సోమవారం, రాత్రి 10:42

అందరికీ వందనాలు. సిద్ధాంతం మీద గొడవ పెట్టడానికి రాయడం లేదు, ఇది మా ఇంటి సమస్య.

మాది నర్సాపురం దగ్గర పల్లె. పుట్టి పెరిగింది బ్రదరన్ అసెంబ్లీలో (బ్రదరన్ క్రైస్తవులు తమ సంఘాన్ని అలా అంటారు), ఉద్యోగం హైదరాబాద్‌లో. మూడేళ్లుగా ఇక్కడ ఒక చిన్న సంఘానికి వెళ్తున్నాం (పేరు చెప్పను, దయచేసి ఊహించొద్దు). వాక్యం శ్రద్ధగా చెప్తారు, కానుకల కోసం పీడించరు, మైకులో అరవరు. కాల్విన్ సిద్ధాంతం నాకు అక్కడే పరిచయం. ఏడాది వాదించి చివరికి ఒప్పుకున్నాను. మనిషి పూర్తిగా పాడైపోయాడు, దేవుడు ఏ షరతూ లేకుండా ఎన్నుకున్నాడు, క్రీస్తు ఎన్నుకోబడినవాళ్ల కోసమే ప్రాయశ్చిత్తం చేశాడు, ఆ కృపను ఎవరూ చివరిదాకా తోసేయలేరు, రక్షణ పొందినవాడు తప్పిపోడు. ఈ ఐదూ నమ్ముతాను.

నా భార్య నాలుగున్నర నమ్ముతుంది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. "ఆయన అందరి కోసం చనిపోయాడు, కానీ నమ్మినవాళ్లకే అది దక్కుతుంది" అంటుంది.

రెండు నెలల కిందట సభ్యత్వ ఒడంబడిక అని ఒక కాగితం పంచారు. ఐదు సూత్రాలకూ సంతకం పెట్టినవాళ్లకే ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. పెట్టనివాళ్లు ఆరాధనకు రావచ్చు, పాడొచ్చు, బల్లలో మాత్రం భాగం లేదు. నేను పెట్టాను. ఆవిడ పెట్టలేదు. నిన్న ఆదివారం రొట్టె ముక్కల పళ్లెం వరసలోకి వచ్చింది. నేను ఒక ముక్క తీసుకుని, ఆవిడ ఒడి మీదుగా చెయ్యి చాచి అవతలి సిస్టర్‌కి అందించాను. ఆవిడ చేతులు కట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చినా ఆ ముక్క గొంతులోనే ఉన్నట్టుంది.

సంఘం చేసింది సరైనదేనా? తిట్టకుండా చెప్పండి.

సంస్కరణ బాట | సోమవారం, రాత్రి 11:15

బ్రదర్, మీ బాధ అర్థమైంది. కానీ మీ సంఘపెద్దలను మెచ్చుకోవాలి. ఈ రోజుల్లో బల్లకు కాపలా కాసే సంఘం ఎక్కడుంది? "ఈ బోధను తేక మీయొద్దకు వచ్చినయెడల వానిని మీ యింట చేర్చుకొనవద్దు" అని యోహాను రెండో పత్రికలో ఉంది. క్రీస్తు ఎవరి కోసం చనిపోయాడన్నది చిల్లర విషయం కాదు, సువార్తకు గుండెకాయ. అందరి కోసం చనిపోయి కూడా కొందరిని రక్షించలేకపోయాడంటే సిలువ ఓడిపోయినట్టే కదా. ఆర్మీనియన్ బోధ (కృపను ఒప్పుకోవడం, తోసేయడం మనిషి చేతిలోనే ఉందనేది) మనిషి చిత్తాన్ని సింహాసనం మీద కూర్చోబెడుతుంది. అది వేరే సువార్త అని చెప్పడానికి నేను వెనకాడను.

సియోను పిల్ల | సోమవారం, రాత్రి 11:31

ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. ముందు ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి. ప్రభువే మార్గం చూపిస్తాడు.

మెదక్ ఆడపడుచు | మంగళవారం, ఉదయం 6:20

"వేరే సువార్త" అన్నమాట చూసి పొద్దున్నే కూర్చున్నాను. స్కూలుకి టైమవుతోంది, తప్పులుంటే క్షమించండి.

ఈ మాట కొత్తది కాదు. 1739లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఉచిత కృప మీద ప్రసంగం చేసి, ముందే నిర్ణయించబడటమనే బోధను చీల్చి చెండాడాడు. అచ్చు కూడా వేశాడు. ఆయన స్నేహితుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ కాల్వినిస్టు. 1740 డిసెంబర్ 24న అమెరికాలోని జార్జియా నుంచి జవాబు రాశాడు. ఈలోగా వైట్‌ఫీల్డ్ రాసిన ఒక సొంత ఉత్తరాన్ని ఎవరో ఆయనకు చెప్పకుండా అచ్చేసి, 1741 ఫిబ్రవరిలో లండన్‌లో వెస్లీ కూడిక గుమ్మం దగ్గర పంచారు. వెస్లీ ఆ కాగితం పట్టుకుని, "వైట్‌ఫీల్డ్ ఇక్కడుంటే ఏం చేసేవాడో నేనూ అదే చేస్తాను" అని అందరి ముందూ చింపేశాడు. కూర్చున్నవాళ్లంతా తమ చేతుల్లోవి చింపేశారు. రెండు నిమిషాల్లో ఒక్క కాగితం మిగల్లేదని డైరీలో రాసుకున్నాడు. బాగుంది కదా? అసలు సంగతి దాని తర్వాత. మార్చి 28న ఇద్దరూ కలిశారు. "మీరూ నేనూ ప్రకటించేవి రెండు వేర్వేరు సువార్తలు, మీతో కలిసి నడవను, సహవాసపు కుడిచెయ్యి ఇవ్వను" అని వైట్‌ఫీల్డ్ మొహం మీదే చెప్పేశాడు.

అక్కడితో కథ అయిపోలేదు. 1750 జనవరికి లండన్‌లో ఒకే ఆరాధనలో వెస్లీ ప్రార్థనలు చదివితే వైట్‌ఫీల్డ్ ప్రసంగించాడు. 1770లో వైట్‌ఫీల్డ్ అమెరికాలో పోయాడని కబురొస్తే లండన్‌లో ఆయన మందిరంలోనే స్మారక ప్రసంగం చేసింది వెస్లీ. వాళ్ల సిద్ధాంతాల్లో ఒక్క అక్షరం మారలేదు. చెయ్యి ఇవ్వనన్నవాడు ఇచ్చాడు, అంతే.

ఇంకోటి. వెస్లీని ఎడాపెడా తిట్టిన కాల్వినిస్టు పాదిరి అగస్టస్ టాప్‌లేడీ. 1776లో అచ్చయిన "రాక్ ఆఫ్ ఏజెస్" పాట ఆయనదే. మెథడిస్టులు దాన్ని కళ్లు మూసుకుని పాడతారు. మా పక్క పెద్దగుడి కట్టించింది వెస్లీ శిష్యులే (1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ), అక్కడ ఎవరినీ "నువ్వు ఎన్ని సూత్రాలు?" అని అడగ్గా నేను చూడలేదు.

సంస్కరణ బాట | మంగళవారం, ఉదయం 9:05

మేడమ్, చరిత్ర బాగా చెప్పారు. కానీ సగం వదిలేశారు. వాళ్లిద్దరూ ఒకరి పల్పిట్ ఎక్కి ఒకరు మాట్లాడినా, వాళ్ల సొసైటీలు (వాళ్ల వెంట నడిచినవాళ్ల గుంపులు) మాత్రం మళ్లీ ఒకటి కాలేదు. వేల్స్‌లో కాల్వినిస్టు మెథడిస్టులు వేరే సంఘంగానే నిలిచారు. ప్రేమ వేరు, ఒకే కప్పు కింద కాపురం వేరు. ఈయన సంఘం చెప్పింది కూడా అదే: రండి, కూర్చోండి, పాడండి.

అటక మీది పుస్తకాలు | మంగళవారం, మధ్యాహ్నం 1:48

సెమినరీలో నాలుగేళ్లు ఈ గొడవతోనే గడిపినవాణ్ని. కొంచెం ఓపిక పట్టండి.

ఐదు సూత్రాలను కాల్విన్ ఎప్పుడూ ఐదుగా రాయలేదు. ఆయన 1564లో చనిపోయాడు. డచ్ వేదాంతి ఆర్మీనియస్ 1609లో పోయాక, ఆయన శిష్యులు 1610లో డచ్ ప్రభుత్వానికి ఐదు అభ్యంతరాలు రాసిచ్చారు. దానికి జవాబే 1618-19లో డోర్ట్ పట్టణంలో జరిగిన సభ. అంటే మనం ఐదంటున్నది ఎదుటివాళ్లు ఐదు అడిగారు కాబట్టి. దాదాపు 200 మంది పాదిరులను పదవి నుంచి తీసేశారు, ఒప్పుకోనివాళ్లను దేశం దాటించారు. దాని వెనక రాజకీయం ఎంత ఉందంటే, సభ ముగుస్తున్న రోజుల్లోనే, 1619 మే 13న, ఆర్మీనియన్ల పక్షాన నిలబడ్డ 71 ఏళ్ల రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల నరికించారు. అదే పక్షాన నిలబడి యావజ్జీవ ఖైదు పడ్డ పండితుడు హ్యూగో గ్రోషియస్ రెండేళ్ల తర్వాత పుస్తకాల పెట్టెలో దాక్కుని కోట నుంచి తప్పించుకున్నాడు. మా లెక్చరర్ ఈ పెట్టె కథ చెప్పినప్పుడు మాత్రమే క్లాసంతా మేలుకుని ఉండేది.

ఇప్పుడు మీ భార్యగారి విషయం. డోర్ట్ తీర్మానాల్లోనే, క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకూ సరిపోగలిగినంత విలువైనదని స్పష్టంగా ఉంది. ఆ సభకు వచ్చిన ఇంగ్లండ్ ప్రతినిధుల్లో జాన్ డావెనంట్ లాంటివాళ్లు, క్రీస్తు ఒక అర్థంలో అందరి కోసం చనిపోయాడనే అన్నారు. వాళ్లూ సంతకం పెట్టారు. వాళ్లను ఎవరూ గెంటేయలేదు.

ఆవిడ మాటకు చాలా దగ్గరగా అన్నవాడు ఇంకొకడున్నాడు. ఫ్రాన్స్‌లో సోమూర్ అకాడమీ ప్రొఫెసర్ మోయిజ్ అమిరో. క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, కానీ విశ్వాసం దేవుడు ఎన్నుకున్నవాళ్లకే ఇస్తాడు అన్నాడు. పెద్ద దుమారం లేచింది. 1637లో ఆలెన్సాన్‌లో ఫ్రెంచి కాల్వినిస్టుల జాతీయ సభ విచారణ పెట్టింది. మాటలు జాగ్రత్తగా వాడమని హెచ్చరించి వదిలేసింది. పాదిరి పదవీ పోలేదు, ప్రొఫెసర్ ఉద్యోగమూ పోలేదు. బోధకుడికే అంత వెసులుబాటు ఇచ్చారు. మీ దగ్గర బెంచీలో కూర్చున్న ఆవిడకు లేదా?

నేను కూడా ఐదూ నమ్మేవాణ్నే, అది కూడా చెప్పేస్తున్నాను.

డాలస్ తెలుగోడు | మంగళవారం, సాయంత్రం 6:30

పైన రాసినదానికి ఒక మాట కలుపుతా. నేనిక్కడ వెళ్లేది పీసీఏ (ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా) సంఘం. కాల్వినిస్టు అంటే ఇంతకన్నా కాల్వినిస్టు ఉండదు. సభ్యత్వానికి అడిగేవి ఐదు ప్రశ్నలు, ఈ ఐదు సూత్రాలు కావు. నేను పాపిని, క్రీస్తు మీదే ఆధారపడుతున్నాను, ఆయన్ని వెంబడించే ప్రయత్నం చేస్తాను, సంఘానికి అండగా ఉంటాను, క్రమశిక్షణకు లోబడతాను. అయిపోయింది. వెస్ట్‌మిన్‌స్టర్ ఒప్పుకోలుకు (ప్రెస్బిటేరియన్ల విశ్వాస ప్రకటన) కట్టుబడతానని మాట ఇవ్వాల్సింది పెద్దలు, పాస్టర్లు, డీకన్లు. పక్క బెంచీలో మాజీ పెంతెకోస్తు తాతగారు ఉంటారు, ఆయనకు ఎన్నిక అంటే ఓట్లే గుర్తొస్తాయి.

బల్లకు కాపలా మా వాళ్లకు కొత్త కాదు. పాతకాలం స్కాట్లండ్‌లో పెద్దలు ఇంటింటికీ వెళ్లి పరీక్షించి చిన్న సీసపు బిళ్ల ఇచ్చేవారు, అది చూపిస్తేనే బల్ల. ఆ పరీక్షలో నడవడి, ప్రాథమిక బోధ చూసేవారు. ఈ కొత్త కాగితం బిళ్ల కంటే బిగుసుగా ఉంది.

ఒంగోలు మనవడు | మంగళవారం, రాత్రి 9:12

అందరూ హాలండ్, ఫ్రాన్స్ తిరుగుతున్నారు. నేను గుండ్లకమ్మ దగ్గరికి తీసుకొస్తా.

1878 జులై 3న వెల్లంపల్లి రేవులో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు రోజుల్లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. మా నాయనమ్మ వాళ్ల అవ్వ ఆ లెక్కలో ఉందని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం.

మా మేనత్తను గుంటూరు లూథరన్లకు ఇచ్చారు. మామయ్యది చిన్నప్పటి చిలకరింపు బాప్తిస్మం. ఆయన మా ఊరొస్తే బల్ల లేదు, మునిగితేనే. చాలా ఏళ్లు పండక్కి వచ్చి బయట చెట్టు కింద చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. మా దగ్గర బల్ల గీత కృప మీద కాదు, నీళ్ల మీద గీశారు.

ఇంకో గీత ఉంది, ఎవరూ పైకి చెప్పరు. గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ, మా ఒంగోలు బాప్టిస్టులలో మాదిగలు ఎక్కువ. ఆ పెళ్లికి మా ఇంట్లో ఏడాది గొడవ. అప్పుడు బాప్తిస్మం పేరు చెప్పిన చాలామందికి అసలు అభ్యంతరం అది కాదు. కొత్త గీత గీసే ముందు పాతవాటి సంగతి తేల్చుకుంటే బాగుంటుంది.

సంస్కరణ బాట | మంగళవారం, రాత్రి 10:40

ఒంగోలు బ్రదర్ చివర చెప్పిందాంట్లో నాకు వాదన లేదు. అది పాపం.

మిగతావాళ్లను ఒకటే అడుగుతా. గీత లేని సంఘం ఎక్కడైనా ఉందా? నూనె సీసా 500కి అమ్మి, తాగితే వీసా వస్తుందనేవాడికి మీ పల్పిట్ ఇస్తారా? యేసు దేవుడు కాదనేవాణ్ని బల్ల దగ్గర కూర్చోబెడతారా? ఇవ్వరు కదా. అంటే మీకూ గీత ఉంది. నాది మీకంటే రెండడుగులు ఇవతల ఉంది, అంతేగా. నేను కూడా అలాంటి గుంపులోంచే పాకుతూ బయటికొచ్చాను. మా అమ్మ తాళి అమ్మి మొక్కు కట్టింది అక్కడ. సిద్ధాంతం పట్టించుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే పట్టు విడవను.

ఈ సిద్ధాంతం ఉంటే సువార్త చల్లబడుతుందనేవాళ్లకు కూడా ఒక మాట. 1818లో శ్రీరాంపూర్‌లో తెలుగు కొత్త నిబంధన అచ్చేసిన విలియం కేరీ బృందం కాల్వినిస్టు బాప్టిస్టులే.

చర్చ నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 8:00

ఒక పోస్టు తీసేశాను. ఎవరినీ "బల్ల దగ్గరి యూదా" అనొద్దు. రెండోసారి అంటే ఖాతా ఆపేస్తాను.

నాలుగున్నర | బుధవారం, మధ్యాహ్నం 2:25

కొత్త ఖాతా. నేనే ఆ నాలుగున్నర. ఆయన ఫోన్ చార్జింగ్‌లో పెట్టి వెళ్తే ఈ చర్చ కనిపించింది.

నా కోసం ఇంతమంది ఇన్ని దేశాల చరిత్ర చెప్పారు, థ్యాంక్స్. ఆయన ఇక్కడ లోకాన్నంతా అడిగారు, నన్ను తప్ప.

సండే స్కూల్లో మా టీచరమ్మ కంఠస్థం పెట్టించిన వచనం: "మన పాపములకు మాత్రమే కాదు, సర్వలోకమునకును శాంతికరమై యున్నాడు." సర్వలోకం అంటే అన్ని జాతుల్లోనూ ఎన్నుకోబడినవాళ్లు అని పాస్టర్ గారు వివరించారు. రెండుసార్లు విన్నాను. అలా కూడా చదవచ్చేమో అనిపించింది. ఖాయంగా అదే అని మాత్రం అనిపించలేదు. అనిపించనిదానికి సంతకం పెట్టడం నాకు చేతకాలేదు. అబద్ధం సంతకం పెట్టి రొట్టె తీసుకుని ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

ఆయన మీకు చెప్పని సంగతి ఒకటుంది. మా సంఘంలో బల్లకు ద్రాక్షరసం కాచేది నేనే. రెండేళ్లుగా శనివారం సాయంత్రం పావుకిలో నల్ల ఎండు ద్రాక్ష నానబోసి, రాత్రికి మరిగించి, పాత కాటన్ చీర ముక్కతో వడకట్టి, సీసాలో పోసి పంపుతాను. కాగితం వచ్చాక కూడా ఎవరూ మానేయమనలేదు. మొన్న అందరూ తాగింది మా స్టవ్ మీద కాచిందే.

పెద్దల మీద కోపం లేదు, మంచివాళ్లు. ఈయన పళ్లెం నా ఒడి మీదుగా దాటించారు చూడండి, బాధేసింది అప్పుడు. బస్సులో టికెట్ డబ్బులు అందించినట్టు.

పాత సంచి | బుధవారం, రాత్రి 8:50

అమ్మాయీ, నీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. మాదీ నర్సాపురం వైపే. అసెంబ్లీలో నలభై ఏళ్లుగా ఉన్నవాణ్ని.

బాబూ గోదారి గట్టూ, మన అసెంబ్లీలు ఎక్కడివో గుర్తుందా? 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ దొరలను ఇంగ్లండ్ నుంచి వెంటబెట్టుకొచ్చింది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. పళ్ల డాక్టరు, ఆస్తంతా వదిలేసి వచ్చినవాడు. ఓడెక్కే ముందు అదే ఏడు మార్చిలో బ్రదరన్ నాయకుడు జాన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీరు వెలుగు ఎంత ఉందని చూసి చేర్చుకుంటున్నారు, జీవం ఉందా అని చూడటం మానేస్తున్నారు అని వాపోయాడు. వాళ్లలోని మంచికి దూరమయ్యేకంటే వాళ్ల లోపాలన్నీ భరించడమే నాకు మేలు అన్నాడు. పన్నెండేళ్లకు, 1848లో, ఆయన భయపడిందే జరిగింది. బ్రిస్టల్‌లో బెతెస్దా సంఘం ఎవరిని చేర్చుకుందన్న గొడవ మీద డార్బీ ఆ సంఘాన్నే వెలివేశాడు. అప్పటి నుంచి బ్రదరన్లు రెండు ముక్కలు.

ఆ బెతెస్దా పెద్ద జార్జ్ ముల్లర్, గ్రోవ్స్‌కు బావమరిది వరస. అనాథల ముల్లర్ అంటే అందరికీ తెలుసు, ఎన్నిక బోధను ఆయన మొదట్లో దయ్యపు సిద్ధాంతం అన్నాడని, 1829లో లేఖనాలు చదివి తనే అందులోకి వచ్చాడని చాలామందికి తెలియదు. అంటే ఆయనా నీలాంటివాడే బాబూ. 1836లో ఆయన సంఘంలో ఒక చిక్కొచ్చింది: ముంచుడు బాప్తిస్మం తీసుకోని విశ్వాసులకు బల్ల ఇవ్వొచ్చా? బార్న్‌స్టేపుల్ ఊరి బ్రదరన్ బోధకుడు రాబర్ట్ చాప్‌మన్‌ను అడిగాడు. ఆయన అన్నది ఇది: వాళ్లు అక్రమంగా నడుస్తున్నవాళ్లయితే బల్ల దగ్గరే కాదు, అన్ని చోట్లా వాళ్లకు దూరంగా ఉండాలి. అక్రమంగా నడవకపోతే బల్ల దగ్గర కూడా చేర్చుకోవాలి. ఒక్క బల్ల దగ్గరే దూరం అనేది లేఖనంలో లేదు. ముల్లర్‌కు ఇక మాట లేకపోయింది, తర్వాతి ఏడు తలుపు తీశాడు.

ఆ అమ్మాయి కాచిన రసం పనికొచ్చి, అమ్మాయి పనికిరాకపోవడానికి చాప్‌మన్ దగ్గర జవాబు లేదు.

మన తప్పు కూడా చెప్పాలి. మా దగ్గర కూడా వాళ్ల సంఘం ఇచ్చే పరిచయ లెటర్ లేకుండా వచ్చినవాళ్లను వెనక బెంచీలో కూర్చోబెడతాం. పదిహేనేళ్ల కిందట వాన రాత్రి ప్రయాణం చేసి వచ్చిన ఒక ముసలాయన్ని లెటర్ ఏదని అడిగి నేనే వెనక్కి పంపాను. ఆయన పేరు కూడా అడగలేదు.

సంస్కరణ బాట | బుధవారం, రాత్రి 11:58

సిస్టర్, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ టైప్ చేయలేదు. మూడో సూత్రం మీద నా అభిప్రాయం మారలేదు, ఆ వచనానికి మీ పాస్టర్ గారి వివరణే సరైనదని ఇప్పటికీ అంటాను. కానీ మీది వేరే సువార్త అని నేను అనను. మొదటి రోజు అన్నమాట మీ గురించి అనుకుని రాసింది కాదు. చాప్‌మన్ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. దొరికితే ఇక్కడే పెడతాను.

మెదక్ ఆడపడుచు | గురువారం, ఉదయం 6:05

పైనాయన రాసింది అంత తేలిక కాదు. గౌరవం. పెద్దలతో మాట్లాడారా గోదారి గట్టు గారూ? వాళ్లేమన్నారు?

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 9:30

మాట్లాడాను. గురువారం ఇద్దరు పెద్దలు ఇంటికొచ్చారు. అమిరో సంగతి చెప్పాను, వాళ్లకూ తెలుసట. బోధించేవాళ్లకు ఒక కొలత, పాలు పొందేవాళ్లకు ఇంకో కొలత పెట్టొచ్చేమో ఆలోచిస్తామన్నారు, ఎప్పటికని చెప్పలేదు. రసం మాట ఎత్తగానే పెద్దాయన కాఫీ కప్పు కింద పెట్టేశారు. వాళ్ల వరకు అది ఎప్పుడూ తట్టలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆవిడకు నేను క్షమాపణ చెప్పాను, ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

నిన్న సాయంత్రం వంటింట్లోకి వెళ్తే గిన్నెలో ఎండు ద్రాక్ష నానుతోంది. ఇంకా ఎందుకన్నాను. "రేపు మిగతావాళ్లు తాగొద్దా?" అంది.

ఇవాళ పళ్లెం వచ్చింది. ఆవిడ ఒడి మీదుగా దాటించలేదు, ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడే పక్క సిస్టర్‌కి అందించింది. నేనూ తీసుకోలేదు. నా ఇవతల కూర్చున్న పెద్దాయన చెవిలో అడిగారు: "ఒంట్లో బాలేదా బాబూ?"